ఇసుక లేని ఇసుక తొట్టి

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం చిన్నా పెద్దా అందరికీ ఆవిడ కత్తెరమ్మే. చేతిలో కత్తెరని చూసి ఆ పేరు పెట్టారా, నోట్లో కత్తెరని చూసి పెట్టారా అంటే ఎవరూ తేల్చి చెప్పరు. చేతి కత్తెరని సాయంత్రం కాగానే మేకుకి తగిలిస్తుంది. రెండోదానికి మేకు లేదు.

ఇంటి ముందు గదే ఆవిడ కుట్టు కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడవారగా గుడ్డ కత్తిరించే పొడుగాటి బల్ల, దాని మీద సుద్దముక్కలు, టేపు, ఇస్త్రీపెట్టె. మూలన తెర కట్టి ఉంటుంది, కొత్త బట్టలు తొడిగి చూసుకునేవాళ్ళ కోసం. ఆ తెర వెనక నుంచి ఎవరైనా "కాస్త బిగుతుగా ఉందమ్మా" అన్నారనుకోండి, "గౌను నీ కొలతలకే ఉంది, నువ్వే కొలతల్లో లేవు" అని ఇవతలి నుంచి జవాబొస్తుంది. అయినా జనం వస్తూనే ఉంటారు. ఆవిడ వేసిన కుట్టు బట్ట చిరిగినా ఊడదు మరి. మాట పడ్డా పరవాలేదు, కుట్టు నిలిస్తే చాలనుకునేవాళ్ళు లోకంలో ఇంకా ఉన్నారు.

ఇంకో గొప్ప కూడా ఉంది ఆవిడకి. గుడ్డ పారేయడమనేది ఆ కొట్లో లేదు. పెద్ద ముక్కలు సంచులవుతాయి, చిన్నవి దిండ్లలోకి పోతాయి, మరీ పీలికలైతే మిషను తుడవడానికి పనికొస్తాయి. "గుడ్డకి చావు లేదు, వాడుకోవడం తెలియనివాళ్ళ చేతుల్లోనే అది చస్తుంది" అంటుంది. ఈ గొప్పే ఆవిడ కొంప ముంచబోయింది, ఆ కథే ఇది.

మొగుడికి ఒక అక్క ఉంది. కత్తెరమ్మకి వరసకి వదిన. వయసులో పెద్ద, ఒంట్లో చిన్న, పట్టుదలలో ఇద్దరూ సమానం. భర్త పోయాక ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో మూత ఉన్న బుట్ట పట్టుకుని ఆవిడ ఈ గుమ్మం ఎక్కింది. "నాలుగు రోజులు ఉండి పోతాను మరదలా" అంది. నాలుగు రోజులంటే ఎన్ని రోజులో మన భాషలో ఇంతవరకు ఎవరూ లెక్క కట్టలేదు గనక ఆవిడ ఉండిపోయింది. బుట్టలోంచి దిగిన పిల్లి కూడా ఉండిపోయింది.

దాన్ని దొర అని పిలుస్తుంది వదిన. బూడిదరంగు ఒళ్ళు, తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు నాలుగు పాదాలు. వచ్చిన రోజున ఇల్లు కొనడానికి వచ్చినవాడిలా గదులన్నీ తిరిగి, ప్రతి మూలా వాసన చూసి, ఇంకా మంచి ఇళ్ళు చూశాంలే అన్నట్టు మొహం పెట్టి, చివరికి ఇస్త్రీ బట్టల దొంతర మీద సర్దుకుని కూర్చున్నాడు దొర. "లెమ్మను దాన్ని" అంది కత్తెరమ్మ. "వాడు ఇప్పుడే కదా కూర్చున్నాడు" అంది వదిన. అదీ ఆ ఇద్దరి మొదటి యుద్ధం.

రెండోది ఇసుక మీద.

దొరకి వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉండేది, నిండా సన్నటి ఇసుక. మెట్ల కింద పెట్టారు. దొర పెద్దమనిషే, ఏం చేసినా అందులోనే చేసి, శ్రద్ధగా కప్పెట్టి వచ్చేవాడు. చిక్కల్లా వచ్చేటప్పుడే. ఆ తెల్ల మేజోళ్ళకి అంటుకుని ఇసుక కూడా వెంట వచ్చేది. నల్లకోటు మీద ఇసుక. పట్టుగౌను మడతలో ఇసుక. ఒకసారి మిషను పళ్ళలోకి పోయి దారం పుటుక్కు పుటుక్కున తెగిపోతుంటే, కత్తెరమ్మ మిషను ఆపి లేచింది. తొట్టి తీసుకెళ్ళి ఇసుకంతా పెరట్లో బోర్లించింది. కడిగి ఆరబెట్టి, బల్ల కింద సంచీలో ఉన్న లైనింగు పీలికలు రెండు దోసిళ్ళు పోసింది. కోట్లకీ గౌన్లకీ లోపల వేసే తెల్లటి నూలుగుడ్డ ముక్కలు అవి.

"ఇదేంటి మరదలా, గుడ్డముక్కల్లోనా?" అంది వదిన.

"రాలవు, ఎగరవు, తడిస్తే పీల్చుకుంటాయి. ఇసుక కంటే ఏం తక్కువ?"

"వాడికి అలవాటు లేదమ్మా."

"మెత్తగా ఉండేదానికి అలవాటు కావాలా వదినా? నీకు పరుపు వేస్తే అలవాటు లేదని నేల మీద పడుకున్నావా?"

దొర వచ్చి తొట్టి చుట్టూ తిరిగాడు, ఒక కాలు పెట్టి తీశాడు, మళ్ళీ పెట్టాడు, ఎక్కాడు, కూర్చున్నాడు, పని కానిచ్చాడు. కత్తెరమ్మ నడుం మీద చేతులేసుకుని వదిన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు అనువదించడానికి కూడా మర్యాద ఒప్పుకోదు. ఆ వారమంతా కొట్టుకి ఎవరొచ్చినా కొలతలకంటే ముందు ఈ సంగతే చెప్పింది. "ఇసుకా గిసుకా ఏం లేదు, మా పిల్లికి లైనింగు గుడ్డ. బుర్ర ఉండాలమ్మా" అని. ఆ తొట్టికి ఇసుక తొట్టి అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పేరుదేముంది, ఒకసారి అంటుకుంటే పోదు కదా.

కొంతకాలం బాగానే జరిగింది. పైన కాస్త తడి కనిపిస్తే ఇంకో గుప్పెడు పీలికలు చల్లేది కత్తెరమ్మ. అడుగున ఏముందో ఆవిడ చూడలేదు. వదిన చూస్తోందనుకుంది. తొట్టి కొత్త ఏర్పాటు మరదలిది కాబట్టి మరదలే చూస్తోందని వదిన అనుకుంది. ఇద్దరు చూసుకునే తొట్టి ఎవరూ చూడని తొట్టి అయింది.

ఆ రోజుల్లోనే బ్యాంకావిడ కోటు వచ్చింది. బ్యాంకావిడ అంటే వీధి చివర బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే మనిషి. నవ్వితే పళ్ళు అరిగిపోతాయేమో అన్నట్టుంటుంది. ముదురు నీలం కోటు, లోపల తెల్ల లైనింగు. పైగుడ్డ కుట్టడం అయింది, లైనింగు ముక్కలు కత్తిరించి బల్ల మీద పరిచి కత్తెరమ్మ టీ తాగడానికి లోపలికి వెళ్ళింది. వచ్చి, చూడకుండానే మిషను మీదికి లాగి కుట్టేసింది. ఆ రోజు జలుబు చేసి ఉంది లెండి. ముక్కు పనిచేసే మనిషికి ఈ కథ ఉండదు.

అంతలోనే బ్యాంకావిడ వచ్చి తెర వెనక కోటు తొడుక్కుంది.

"ఏమ్మా, ఇదేం వాసన?"

"కొత్త గుడ్డ వాసన" అంది కత్తెరమ్మ.

"కొత్త గుడ్డ తడిగా కూడా ఉంటుందా?"

బ్యాంకావిడ కోటు విప్పి, రెండు వేళ్ళతో చచ్చిన ఎలకని తోక పట్టుకున్నట్టు పట్టుకుని, బల్ల మీద పెట్టి, ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది. కిటికీ గట్టు మీద దొర కాలు చాపి నాక్కుంటున్నాడు. కత్తెరమ్మకి కోటు తడిసినందుకు అంత బాధ లేదు, లైనింగు మార్చి కుట్టొచ్చు. ఆ మనిషి ముక్కు మూసుకుందే, అది ఎక్కడ ఉతికితే పోతుంది? మర్నాటికల్లా వీధిలో, "కత్తెరమ్మ కొట్లో కోటు కుట్టించుకుంటే అత్తరు ఊరికే పోస్తారట" అని నవ్వులు. ఇన్నాళ్ళూ ఆవిడ నోట పడ్డ జనమంతా ఒక్కసారిగా నోళ్ళు తెరిచారు.

ఇక మొదలైంది వైద్యం. బల్ల మీద నిమ్మతొక్కలు పరిచింది, ఆ వాసన పిల్లికి పడదని ఎవరో చెబితే. దొర బల్ల వదిలేసి బుట్టలో పెట్టిన గౌను లైనింగు మీదికి మారాడు. ఫినాయిలు పోసి గది కడిగింది. ఆ ఊపులో తొట్టిని కూడా ఫినాయిలుతో తోమి పెట్టింది. దొర తొట్టి దాకా వెళ్ళి, తుమ్మి, వెనక్కి తిరిగి, పాపం ఎటూ తోచక, లైనింగు వేసి కుట్టి పెట్టిన కర్టెన్ల మీద కానిచ్చాడు. చీపురు ఝుళిపిస్తే బీరువా మీదికెక్కి, అక్కడున్న, లైనింగు గుడ్డతోనే కుట్టిన తెల్ల దుప్పటి మీద. ఉతకడం, ఆరబెట్టడం, వాసన చూడటం, మళ్ళీ ఉతకడం. కొట్లో కుట్టుపని వెనక్కిపోయి చాకిరేవు ముందుకొచ్చింది.

దుప్పటి తడిసిన రోజున కత్తెరమ్మ వంటింట్లో నిలబడి, గిన్నెలు కూడా ఉలిక్కిపడేలా అరిచింది.

"ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

వదిన గుమ్మం పక్కన కూర్చుని ఒక చొక్కాకి కాజాలు కుడుతోంది. కాజా అంటే బొత్తాం దూరే బెజ్జం. దాని చుట్టూ దారం అల్లడంలో ఆ ఊళ్ళో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఈ సంగతి కత్తెరమ్మకి తెలుసు. ఎప్పుడూ పైకి అనలేదు, అంతే. వదిన దారం కొరికి, చొక్కా మడిచి పెట్టి, నెమ్మదిగా అంది.

"నువ్వెందుకు పోతావమ్మా, మిషను నీది, కొట్టు నీది. నేనే పోతాలే. వాడు నాతో వచ్చాడు, నాతోనే పోతాడు."

"నేను నిన్నన్నానా?"

"అనలేదు. అనిపించుకునేదాకా ఉండకూడదు కదా."

మర్నాడే వెళ్ళి, రెండు వీధుల అవతల రొట్టెల కొట్టు మేడ మీద గది ఒకటి చూసుకుని వచ్చింది. ఆదివారం చేరతానని ఆ కొట్టావిడకి మాట కూడా ఇచ్చింది. వచ్చి కూర్చుని, మిగిలిపోయిన కాజాలన్నీ ముందేసుకుంది. బాకీ ఉంచి పోయే మనిషి కాదు.

చూడండి, మనిషి అరిచి పోతే ఫరవాలేదు, ఎదురు అరవొచ్చు. ఇలా కాజాలు కుడుతూ పోయేవాళ్ళతో ఏం చెయ్యాలి? అన్నాళ్ళూ ఆ ఇద్దరూ పొద్దున లేచింది మొదలు దేనికో దానికి తగువు పడుతూనే ఉన్నారు. టీలో పంచదార, కిటికీ తలుపు, దారం రంగు, ఏదైనా సరే. ఇప్పుడు వదిన "అలాగే", "సరేనమ్మా" తప్ప మాట్లాడటం లేదు. మిషను చప్పుడు గదంతా నిండిపోయింది. కత్తెరమ్మకి ఆ చప్పుడు ఇంత పెద్దదని అంతకుముందు తెలియనే తెలియదు.

మొగుడు బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని నోరు మూసుకోవడం ఆయన పద్ధతి. ఆ సాయంత్రం టీ ఇస్తూ కత్తెరమ్మ అంది, "మీ అక్క పోతానంటోంది."

"విన్నాను."

"నేను పిల్లిని అన్నాను."

"అక్కా పిల్లీ కలిసే వచ్చారు. విడివిడిగా ఇవ్వరు."

"జోకులకేం తక్కువ లేదు. వెళ్ళి ఉండమని చెప్పండి."

"అన్నది నువ్వు. చెప్పాల్సింది కూడా నువ్వే."

"నేనా! కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతాను. అన్నమాట విప్పడం నాకు రాదు, మా వంశంలోనే లేదు."

"అయితే ఆదివారం సంచీ మొయ్యడానికి నేను సెలవు పెట్టనా?" అని ఆయన టీ తాగేశాడు.

కత్తెరమ్మ ఆలోచించింది. పిల్లి బాగుపడితే ఎవరూ ఎవరినీ బతిమాలక్కర్లేదు. తగువుకి మూలం పోతే వదిన పోవడానికి కారణమూ పోతుంది. తలా వంచక్కర్లేదు, వదినా పోదు. పిల్లిని బాగుచేస్తే సరి.

వదిన కొత్త గది ఊడ్చుకు రావడానికి వెళ్ళిన సమయం చూసి, దొరని బుట్టలో పెట్టింది. పెట్టింది అని రాయడం తేలిక. మోచేతుల దాకా గీతలు పడ్డాయి. మొగుడి చేత బుట్ట మోయించుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఎవరైనా అడిగితే కూరగాయలకని చెప్పమంది. కూరగాయలు దారంతా మ్యావ్ మ్యావ్ మంటూనే ఉన్నాయి.

డాక్టరు లావు కళ్ళద్దాల మనిషి. కత్తెరమ్మ ముందుగా ఆయన తెల్లకోటు కాలరు చూసింది. వంకరగా ఉంది. కాలరే సరిగ్గా లేనివాడు పిల్లినేం సరిచేస్తాడు అనుకుంది. ఆయన మాత్రం దొరని బల్ల మీద నిలబెట్టి, మెత్తగా పొట్ట నొక్కి, వేడి చూసి, పరీక్ష కూడా చేయించి వచ్చి, "రాయి లేదు, చీము లేదు, ఏ జబ్బూ లేదమ్మా. ఇలాంటప్పుడు ముందు జబ్బుందేమో చూడాలి, చూశాం. ఇక అలవాటు సంగతే. ఇసుక తొట్టి పెట్టారా?" అన్నాడు.

"పెట్టకేం? పెద్దదే."

"ఇసుక ఎప్పుడెప్పుడు మారుస్తున్నారు?"

"ఇసుకా? ఇసుకెందుకండీ?"

డాక్టరు కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఇసుక తొట్టిలో ఇసుక ఎందుకని నన్ను అడుగుతున్నారా?"

"మా ఇంట్లో ఇసుక వాడం. లైనింగు గుడ్డ వేస్తాం. తెల్లటిది, మెత్తటిది. మీరు ఇంతమంది పిల్లుల్ని చూసుంటారు, ఏ పిల్లికుందో చెప్పండి ఆ భోగం!"

"ఓహో. మరి ఇంట్లో ఎక్కడెక్కడ పాడుచేస్తున్నాడు?"

"అదే కదా నా ఏడుపు! నేల మీద చెయ్యడు. గోనెపట్టా మీద చెయ్యడు. పట్టుగుడ్డ పక్కనే ఉంటుంది, ముట్టుకోడు. ఊలుగుడ్డ వాసన కూడా చూడడు. వెతికి వెతికి, సరిగ్గా లైనింగు గుడ్డ మీదే…"

నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోరు మాట మధ్యలో ఆగడం అదే మొదలు. పక్కన మొగుడు గోడకున్న కుక్కల బొమ్మ వైపు తిరిగి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

డాక్టరు నవ్వలేదు. అందుకు ఆయన కాలరుని క్షమించేసింది కత్తెరమ్మ.

"మీ పిల్లి చాలా బుద్ధిమంతుడమ్మా. మీరు నేర్పిందే చేస్తున్నాడు. కాలికింద ఈ గుడ్డ తగిలితే ఇది దొడ్డిగది అని నేర్చుకున్నాడు. తొట్టిలో ఉన్నది తడిసి ముద్దైపోతే, శుభ్రమైన దొడ్డిగది కోసం మీ బల్ల ఎక్కాడు. అంత పరుపు మీరే పరిచి పెట్టారు మరి."

తర్వాత ఏం చెయ్యాలో చెప్పాడు. మళ్ళీ ఇసుకే పోయాలి, సన్నటిది, ఏ వాసనా లేనిది. మొదట్లో పైన రెండు మూడు పీలికలు వేసి, పోనుపోను తగ్గించాలి, ఒక్కసారిగా మారిస్తే వాడు బెదురుతాడు. రోజూ తడిసింది తీసెయ్యాలి. తొట్టిని వట్టి సబ్బునీళ్ళతో కడగాలి, ఫినాయిలు దగ్గరికి రానివ్వకూడదు, ఆ ఘాటు మనకి శుభ్రం, వాడికి నరకం. పాడైన చోటల్లా వాసన పూర్తిగా పోయేదాకా ఉతకాలి, లేకపోతే ఆ వాసనే మళ్ళీ పిలుస్తుంది. తిట్టకూడదు.

"తిట్టకూడదా?" అంది కత్తెరమ్మ. మిగతావన్నీ ఒప్పుకుంది గానీ ఇది మరీ ఎక్కువనిపించింది.

"తిడితే తొట్టి దగ్గరికి వెళ్ళడానికే భయపడతాడు."

తిరుగుదారిలో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడు భయపడి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. "బుట్ట ఊపకండి, వాడికి తల తిరుగుతుంది" అంది.

ఇల్లు కడుతున్న చోట అడిగి మొగుడు సంచీడు సన్న ఇసుక తెచ్చాడు. కత్తెరమ్మ దాన్ని పల్చటి తెరగుడ్డలో వేసి జల్లించింది. రాయి లేదు, పెంకు లేదు, కొత్త గౌనుకి అంటిన దూదిపోగులు ఏరినంత శ్రద్ధగా ఏరింది. మెట్ల కింద మిషను చప్పుడు ఎక్కువని, తొట్టిని వెనక గది మూలకి మార్చింది. తొట్టి ముందు ఒక గరుకు పట్టా పరిచింది, పాదాలకి అంటిన ఇసుక అక్కడే రాలిపోయేలా. ఈ పట్టా ఉపాయం మొదట్లోనే తట్టి ఉంటే ఇంత కథ ఎందుకు? బుర్ర ఉండాలమ్మా అని ఊరంతా చెప్పిన బుర్రకి ఒక చిన్న పట్టా తట్టలేదు. కొట్లో లైనింగు గుడ్డంతా మూత ఉన్న పెట్టెలో పెట్టి మూత వేసింది.

దొర వచ్చాడు. ఇసుక చూశాడు. పైనున్న పీలికలు చూశాడు. వాసన చూసి, ఏదో గుర్తుకొచ్చీ రానట్టు కాసేపు ఆలోచించి, వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ పళ్ళు కొరుక్కుంది గానీ తిట్టలేదు. నాలుక మీద మాటల్ని అలా ఆపి ఉంచడం ఎంత కష్టమో ఆపినవాళ్ళకే తెలుస్తుంది, దవడలు నొప్పి పుట్టాయి. ఆ సాయంత్రం మూత వేసిన ఆ పెట్టె మీద కూర్చుని దొర మ్యావ్ అన్నాడు, అంతే. ఎక్కడా తడపలేదు, తొట్టీ ఎక్కలేదు. పట్టుదల చూశారా? పెంచినవాళ్ళ పోలిక.

మర్నాడు పొద్దున కొట్లో ఒకామె చేతులు చాపి కొలతలిస్తూ నిలబడి ఉంది. కత్తెరమ్మ టేపు పట్టుకుని వీపు కొలుస్తుండగా, వెనక గదిలోంచి బర్, బర్ మని చప్పుడు. ఇసుక గీకే చప్పుడు. టేపు ఆమె మెడలోనే వదిలేసి, కత్తెరమ్మ చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద నడిచి, వెనక గది గుమ్మం దగ్గర వంగి చూసింది. దొర తొట్టిలో ఉన్నాడు. రెండు పీలికల్నీ కాలితో అవతలికి నెట్టి, ఇసుకలో గొయ్యి తీసుకుని, కళ్ళు సగం మూసి, దీక్షలో ఉన్నాడు. అయ్యాక ఎంత బాగా కప్పెట్టాడో! పాత అలవాటు వాడి కాళ్ళల్లోనే ఉంది, మధ్యలో మనం చెడగొట్టాం గానీ.

"నా బంగారు తండ్రీ!" అంది కత్తెరమ్మ, పైకే.

"ఎవరిని?" అని వెనక నుంచి గొంతు.

వదిన. చేతిలో మడిచిన దుప్పటి, సంచీలో పెట్టుకోవడానికి. కత్తెరమ్మ ఠక్కున లేచి నిలబడింది. సూది పడిపోయింది, వెతుకుతున్నానని చెప్పేసి ఉండొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ వదిన చూపు తొట్టి మీద పడింది, ఇసుక మీద పడింది, పట్టా మీద పడింది. తర్వాత మరదలి మోచేతుల మీది గీతల మీద పడింది.

"కూరగాయలకి వెళ్ళామన్నారు?" అంది.

"వెళ్ళాం."

"గోళ్ళున్న కూరగాయలా?"

ముందు గదిలో టేపు మెడలో వేసుకున్నామె "అమ్మా, చేతులు దించొచ్చా?" అని అడిగింది. "ఉండు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

కత్తెరమ్మ దుప్పటి అంచు పట్టుకుని, దాని కుట్టు సరిచూస్తున్నట్టు చూస్తూ అంది. "తప్పు పిల్లిది కాదు. ఆ లైనింగు పీలికలు వేసి నేనే అలవాటు చేశాను. లైనింగు కనిపిస్తే చాలు అదే తొట్టి అనుకున్నాడు వాడు. తప్పు నాది."

"ఏంటీ?"

"తప్పు నాది అన్నాను."

"ఈ చెవి సరిగ్గా వినపడటం లేదమ్మా ఈమధ్య. ఇటు తిరిగి చెప్పు."

"వదినా, నీ రెండు చెవులూ గోడ అవతల గుసగుసలు కూడా పట్టుకుంటాయి! తప్పు నాది, నాది, నాది! చాలా? ఊరంతా వినపడిందా?"

"నాకు వినపడింది" అంది కొట్లో ఆమె, చేతులు ఇంకా చాపే ఉంచి.

వదిన మొహంలో నవ్వు లేదు. నవ్వితే పని చెడుతుందని ఆవిడకి తెలుసు. దుప్పటి మాత్రం సంచీలోకి వెళ్ళలేదు, కుర్చీ మీదికి వెళ్ళింది. "బాగానే ఉంది గానీ మరదలా, ఆ రొట్టెల కొట్టావిడకి మాట ఇచ్చేశాను. పాపం గది కడిగించి, తాళంచెవి కూడా నాకోసం పక్కన పెట్టింది. ఇప్పుడు రానంటే ఎలా?"

"నేను చెబుతాను."

"నువ్వు చెబితే ఆ మనిషి జన్మలో మళ్ళీ రొట్టె అమ్మదు మనకి."

"అయితే నువ్వు చెప్పు. నువ్వు మెత్తగా చెబితే ఆవిడ నిన్ను మెత్తగా అక్కడే కూర్చోబెట్టేస్తుంది. నీ పక్కన నేను నిలబడతాను."

కొలతలకొచ్చినామెని మధ్యాహ్నం రమ్మని పంపేసి, కత్తెరమ్మ కొట్టు తలుపు వేసింది. పట్టపగలు ఆ తలుపు మూసి ఉండటం చూసి వీధిలో ఒకరిద్దరు ఎవరు పోయారని అడిగారట. వదిన కుడివైపు నడుద్దామంది, కత్తెరమ్మ ఎడమవైపు దగ్గర అంది. కుడివైపు దారి మంచిదని ఒకరు, ఎడమవైపు ఎండ లేదని ఒకరు. ఆ తగువు రొట్టెల కొట్టు దాకా సాగింది. ఇన్నాళ్ళ మౌనం బాకీ అంతా తీర్చేసుకున్నారు ఇద్దరూ.

కొట్టులో వేడి రొట్టెల వాసన. కొట్టావిడ పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం వింది. మొహం చిన్నబోయింది. "ఏమ్మా, గది నచ్చలేదా? కిటికీ చిన్నదనా?"

"గదికేం, రాణీగారు ఉండొచ్చు" అంది వదిన. పక్కన నిలబడ్డ కత్తెరమ్మ వైపు ఓరగా చూసి, గొంతు కాస్త పెంచి, "మా మరదలికే, నేను లేకపోతే నిద్ర పట్టదట" అంది.

కొట్లో ఇంకా నలుగురు ఉన్నారు. అందులో బ్యాంకావిడ కూడా ఉంది, సగం రొట్టె చేతిలో పట్టుకుని. అందరూ కత్తెరమ్మ నోటివైపు చూశారు. అదెప్పుడు తెరుచుకుంటుందా, ఏం తెగుతుందా అని. వదిన కూడా చూస్తోంది, పైకి ధైర్యంగానే, లోపల కాదు. ఆ ఒక్క మాట కాదంటే ఇంటికెళ్ళి సంచీ తీసుకోవడమే.

కత్తెరమ్మ మెడ వరకు ఎరుపెక్కింది.

"అవును, పట్టదు" అంది. "ఈవిడ గురకకి అలవాటుపడి చచ్చాను. ఇప్పుడు మానమంటే ఎలా మానతాను? ఏం చూస్తున్నారమ్మా అందరూ, రొట్టెలు చల్లారిపోవడం లేదూ? మాకు రెండివ్వండి. బాగా కాలినవి ఇవ్వండి, మా వదినకి పచ్చిగా ఉంటే పడదు."